సామిగుట్ట మీద నేను కొలవని గది

కిందటి నెల మా పాత శాఖలో కొత్తగా చేరిన ముగ్గురు అమ్మాయిలు కూకట్‌పల్లిలో మా ఫ్లాటుకి వచ్చారు. పాత కట్టడాల సర్వేలో ముప్పై ఏళ్ల పైన పనిచేసిన మనిషిని కదా, నాలుగు మాటలు చెబుతానని ఎవరో పంపారట. కాఫీ తాగుతూ వాళ్లలో ఒకమ్మాయి అడిగింది, "మీకు బాగా గుర్తుండిపోయిన కట్టడం ఏది మేడమ్?" అని. నేను ఒక కోట ద్వారం పేరు చెప్పాను. దాని తోరణం గురించి పావుగంట మాట్లాడాను. వాళ్లు శ్రద్ధగా రాసుకున్నారు.

వాళ్లు లిఫ్టు ఎక్కి వెళ్లాక కాఫీ కప్పులు తీశాను. చెప్పింది నిజం కాదు. నాకు గుర్తుండిపోయింది నార్సింగి అవతల ఒక గుట్ట మీద ఉండిన చిన్న మఠం. నాలుగు రాతి స్తంభాల వసారా, దాని వెనక పెద్ద బండ కింద ఒక గది, పక్కన వాననీళ్లు నిలిచే ఒక దోనె. అంతే. అది ఇప్పుడు లేదు. లేకుండా పోవడంలో నా చేయి ఉంది. ఆ పిల్లలకు నోటితో చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను.

మా పని

మేం టేపు పట్టుకుని కొలుస్తాం, ప్లాను గీస్తాం, ఫొటోలు తీస్తాం. చూసేవాళ్లకు అదే మా పని అనిపిస్తుంది. అసలు పని వేరు. ఒక కట్టడం పాతదో కాదో, ఉంచాలో అక్కర్లేదో చివర్లో మేం రాసే రెండు మూడు వాక్యాలే తేలుస్తాయి. ఫైలు పైకి వెళ్లేకొద్దీ ప్లానులు ఎవరూ విప్పరు. ఆ వాక్యాలే చదువుతారు. మేం వెళ్లొచ్చిన చాలా చోట్లకు మళ్లీ ఇంకొకరు టేపుతో వెళ్లరు. మేం చూసిందే ఆఖరి చూపు.

ఇది నాకు నేర్పినాయన మా మొదటి సూపరింటెండెంటు విశ్వనాథం గారు. సన్నగా, ఎప్పుడూ ఒకే గోధుమరంగు చొక్కాలో ఉండేవారు. ఏ పాత కట్టడానికి వెళ్లినా మొదటి గంట టేపు బయటికి తీయనిచ్చేవారు కాదు. నేను చేరిన ఏడు ఒక శిథిల సత్రం ప్లాను రెండు గంటల్లో పూర్తి చేసి గర్వంగా ఆయన ముందు పెట్టాను. చూసి, "వంటిల్లు ఎక్కడమ్మా?" అన్నారు.

"లేదండి."

"బాటసారుల సత్రంలో వంటిల్లు లేకుండా ఉంటుందా?"

మళ్లీ వెళ్లి చూస్తే ఆగ్నేయం మూల కూలిన రాళ్ల మీద పిచ్చిమొక్కలు, వాటి వెనక పొగచూరిన గోడ. ఆయన కోప్పడలేదు. "నువ్వు గోడల్ని కొలిచావు. ఇక్కడున్నవాళ్లు ఎక్కడ వండుకున్నారు, ఎక్కడ పడుకున్నారు, వానొస్తే ఎటు జరిగారు, అవి అడగలేదు. అడిగితే కట్టడమే చెబుతుంది," అన్నారు. ఆ మాట డైరీలో రాసుకున్నాను. తర్వాత వచ్చిన ఎందరో పిల్లలకు చెప్పాను కూడా. చెప్పడం తేలికే.

గుట్ట ఎక్కిన రోజు

ఐటీ ఆఫీసుల అద్దాల భవనాలు గచ్చిబౌలి దాటి మా కళ్లముందే నార్సింగి వైపు నడిచొస్తున్న రోజులవి. ఒక కొత్త రోడ్డు గుట్టను కోసుకుంటూ పోవాలి. గుట్ట మీద ఏదో మఠం ఉందంటున్నారు, పాత కట్టడమైతే చెప్పండి అని మాకు ఉత్తరం వచ్చింది. అప్పటికి నేను సీనియర్‌ని. విశ్వనాథం గారు పోయి చాలా ఏళ్లయింది. నా పేరు చెబితే శాఖలో కొంత మర్యాద ఉండేది. ఆ మర్యాద నాకు బాగానే ఎక్కింది.

శ్రావణ మాసం. కింద జీపు ఆపి మెట్లెక్కాను. మెట్లు కట్టినవి కావు, బండలోనే చెక్కినవి. పాదాలు ఆనే చోట నున్నగా అరిగి ఉన్నాయి. అది చూశాను. చూసి కూడా జారకుండా ఎక్కడం గురించే ఆలోచించాను.

పైన మఠం కనబడగానే నాకు విసుగొచ్చింది. స్తంభాలకు నీలం ఆయిల్‌పెయింటు. వసారా నేలకు సిమెంటు. స్వామి సమాధికి చుట్టూ బాత్రూముల్లో వేసే గులాబీ రంగు టైల్సు. ముందు రేకుల పందిరి, దానికి ట్యూబులైటు. ఇదా చరిత్ర అనుకున్నాను. పెయింటు గోకితే కింద ఏముందో తెలిసేది. నా సంచిలో చిన్న గోకుడు కత్తి ఎప్పుడూ ఉండేది. తీయలేదు.

అక్కడ దీపం పెట్టేది అంజమ్మ. గుట్ట కింద ఊరి మనిషి. ఆమె అత్త, అత్తకు అత్త, అలా ఆ ఇంటి కోడళ్లే మఠం చూసుకుంటూ వచ్చారట. నాకంటే పదేళ్లయినా పెద్ద. నేను మాత్రం మొదటి మాట నుంచీ ఆమెను నువ్వు అనే పిలిచాను.

"ఇది ఎప్పుడు కట్టారో తెలుసా నీకు?"

"ఎప్పుడో ఏం తెల్సు అమ్మా. మా అత్త చిన్నగున్నప్పుడు గూడ గిట్లనే ఉండెనట."

"స్వామి ఎవరు?"

"పేరు తెల్వదు. సామి అంటరు. యాడికెళ్లో నడుసుకుంట వచ్చిండట. ఈ బండ కింద కూసుందామంటె వాన కొడుతుండెనట. ముందుగాల వానను ఆపిండట. ఆపినంకనే కూసున్నడు."

నాకు నవ్వొచ్చింది. "ఎలా ఆపాడు?"

"చేతులతోటి. నెల రోజులు పట్టిందట."

నేను నోటుబుక్కులో 'మహిమల కథలు' అని రాసుకున్నాను. మహిమ అయితే నెల రోజులు ఎందుకు పడుతుంది? ఆ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు.

ఈలోగా పెద్ద వాన అందుకుంది. రేకుల పందిరి కింద నిలబడలేక అంజమ్మ నన్ను వెనక్కి, బండ కిందికి తీసుకెళ్లింది. గది తలుపు నా నడుము కంటే కాస్త ఎత్తు. ఆమె వంగి లోపలికి వెళ్లి కూర్చుంది. చెప్పులు విప్పాలి, కాళ్లకు బురద, చీర తడిసింది. నేను గడప దగ్గరే ఒక రాయి మీద కూర్చున్నాను. ఎదురుగా ధారలు కడుతున్న వాన. నా కాళ్ల దగ్గర నేల పొడిగా ఉంది. దుమ్ము కూడా పొడిగానే ఉంది. అంతెత్తు బండ మీద పడిన నీళ్లు బండను పట్టుకుని లోపలికి జారాలి కదా. ఒక్క చుక్క రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా పాత కట్టడాలు చూస్తున్న మనిషిని, అరగంట అక్కడ కూర్చుని ఒక్కసారి తలెత్తి చూడలేదు.

వాన తగ్గాక లేచాను. "లోపల కొలవవా అమ్మా?" అంది అంజమ్మ.

"అక్కర్లేదు. ఇది చాలు."

నాలుగు వాక్యాలు

రిపోర్టులో ఇలా రాశాను. 'వసారా ఇటీవలి నిర్మాణం. వెనకనున్నది సహజమైన బండ సందు మాత్రమే. స్థానికులు చెప్పేవి నమ్మదగిన ఆధారాలు కావు. ఈ కట్టడానికి చారిత్రక, వాస్తుకళా ప్రాధాన్యం ఏదీ లేదు.'

ఇంగ్లీషులో ఇంకా చక్కగా కుదిరింది.

ఇలాంటి కథల్లో పై అధికారి ఒత్తిడి చేశాడని రాయడం ఒక అలవాటు. నా మీద ఎవరూ ఒత్తిడి చేయలేదు. మా డైరెక్టరు గారు ఫైలు తిప్పి చూసి, "లోపలి గది కొలతలు లేవేం కామేశ్వరి గారూ?" అన్నారు.

"అది గది కాదండి. బండ సందు."

"పోనీ ఇంకోసారి వెళ్లొస్తారా? రోడ్డువాళ్లను నాలుగు రోజులు ఆగమంటాను."

"అవసరం లేదండి. నేను స్వయంగా చూశాను."

ఆయన సంతకం పెట్టారు. నన్ను నమ్మి పెట్టారు.

బండ నుదురు

ఆరేడు నెలల తర్వాత అటువైపు ఒక బంధువుల గృహప్రవేశానికి వెళ్తున్నాను. గుట్ట సగం కోసేసి ఉంది. ఎందుకో కారు ఆపించాను.

వసారా తీసేశారు. నీలం పెయింటు స్తంభాలు నాలుగూ కింద వరసగా పడున్నాయి. ఒకటి విరిగింది. విరిగిన చోట పెయింటు పెచ్చులూడి చెక్కిన రాయి కనబడుతోంది. పట్టీలు, వాటి మధ్య చిన్న పద్మం. ఎవరో ఓపికగా చెక్కిన పని. సిమెంటు లేచిన నేల కింద గానుగ సున్నం గచ్చు, ఇంకా గట్టిగా, గుడ్డు పెంకులా మెరుస్తూ ఉంది.

అప్పుడు తలెత్తాను. వసారా కప్పు అడ్డు లేదు కాబట్టి బండ మొత్తం కనిపించింది. గది పైన, బండ ముందుకు వంగిన చోట, ఈ చివర నుంచి ఆ చివరకు ఉలితో చెక్కిన కాలువ. జానెడు వెడల్పు, అంత లోతు. ఆ వానరోజు గడప దగ్గర తలెత్తి ఉంటే దీని అంచైనా కనబడేది. పై నుంచి జారే నీళ్లు ఆ కాలువలో పడి, లోపలికి రాకుండా పక్కకు తిరిగి, దోనెలోకి దిగేట్టు వాలు ఇచ్చారు. కొండగుహల్లో ఉండిన సన్యాసులు ఎన్నో వందల ఏళ్ల కిందట చేసుకున్న పని అది. పుస్తకాల్లో చూశాను, వేరే జిల్లాల్లో రెండు చోట్ల నేనే గీశాను.

సామి వానను ఆపాడు. చేతులతో ఆపాడు. నెల రోజులు పట్టింది. అంజమ్మ ఒక్క ముక్క కూడా కల్పించలేదు. తరతరాల ఆడవాళ్లు ఒకరి నోటి నుంచి ఒకరికి ఆ కట్టడం ఎలా మొదలైందో ఉన్నదున్నట్టు అందించుకుంటూ వచ్చారు. పట్టాలున్న నేను దాన్ని మహిమ అని కొట్టేశాను.

హెల్మెట్ పెట్టుకున్న సైటు ఇంజనీరు వచ్చి, "ఎవరు కావాలండి?" అన్నాడు. ఊరికే చూస్తున్నానన్నాను. "ఈ బండ రేపు తీసేస్తామండి. డ్రిల్లింగ్ అయిపోయింది," అన్నాడు.

బండ ఇంకా ఉంది. గది ఉంది. నా చేతిలో ఫోను ఉంది. డైరెక్టరు గారికి ఒక్క మాట చెబితే ఆ పూటకు పని ఆపించేవారు. నేను పొరబడ్డానండి అనాలి. శాఖలో అందరికీ తెలుస్తుంది. కామేశ్వరి గారు గుట్ట ఎక్కి తలెత్తి చూడలేదట అంటారు. పదవీ విరమణకు మూడేళ్లుంది. అక్కడ నిలబడి నేను ఆలోచించింది ఇదే. రాతి గురించి కాదు, సామి గురించి కాదు. ఫోను సంచిలో పెట్టుకున్నాను.

తెలియక చేసింది తప్పు. తెలిశాక చేసిన దానికి నాకు ఇప్పటికీ మాట దొరకలేదు.

చదివి చెప్పిన కాగితం

కారు దగ్గరికి తిరిగి వస్తుంటే పక్కన రాళ్ల మీద కూర్చున్న అంజమ్మ కనిపించింది. దీపపు సెమ్మె, ఒక గంట, రెండు ఇత్తడి చెంబులు మూటకట్టి పక్కన పెట్టుకుంది. నన్ను గుర్తుపట్టి లేచింది. కోపం లేదు ముఖంలో.

"నువ్వొచ్చినవా అమ్మా. నిన్నే అడుగుదామనుకుంటున్న," అంటూ ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసింది. నా రిపోర్టు నకలు. నోటీసుతో పాటు ఇచ్చారట. "ఇంగిలీసుల ఉన్నది. నువ్వే రాసినవంట గద. ఏం రాసినవో జర చదివి చెప్పు."

కాగితం తీసుకున్నాను. నా వాక్యాలు నా కళ్ల ముందున్నాయి. ఆమె నా నోటి వంక చూస్తోంది.

"ఇది... ఇది పాత మఠం అని రాశాను. ఊరివాళ్లు తరతరాలుగా చూసుకుంటున్నారని రాశాను. ఇక్కడివాళ్లు చెప్పేది వినాలని."

వేలు వరసల మీద నడిపిస్తూ, చదువుతున్నట్టే, అన్నీ చెప్పాను.

అంజమ్మ తలాడిస్తూ వింది. తర్వాత, "మంచిగనే రాసినవు గద. మరి ఎందుకు కూలగొడుతున్నరు?" అంది.

"నాకు తెలియదమ్మా. పైవాళ్ల నిర్ణయం."

ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. కాగితం జాగ్రత్తగా మడిచి కవరులో పెట్టుకుంది. నేను గృహప్రవేశానికి వెళ్లాను. భోజనంలో పులిహోర రెండోసారి కూడా వడ్డించుకున్నాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

తర్వాత జరిగింది రెండు నెలలకు ఒక మీటింగులో తెలిసింది. రెవెన్యూ ఆఫీసు సర్వేయరు ఒకాయన సరదా కబురులా చెప్పాడు. "మీ రిపోర్టు పట్టుకుని ఒక ముసలామె మా ఆఫీసుకొచ్చింది మేడమ్. మేడమే మంచిగ రాసింది, మీరు చదవకుండ బండ పగలగొట్టిన్రు అని గొడవ. అందరినీ పిలిచి మరీ చదవమంది. మా గుమాస్తా తెలుగులో చదివి వినిపించాడు."

"ఏమంది?"

"మళ్లొకసారి చదవమంది. చదివాడు. కాగితం తీసుకుని వెళ్లిపోయింది."

అందరూ నవ్వారు. నేను నవ్వానో లేదో గుర్తులేదు. నవ్వలేదని చెప్పుకోవాలని ఉంది.

ఆమె అంత ధైర్యంగా ఆ ఆఫీసు మెట్లెక్కింది నేను చదివిన దాన్ని నమ్మే. గుట్ట పోవడం ఒక ఎత్తు. పదిమందిలో ఆ మాటలు వినాల్సి రావడం పూర్తిగా నేను చేసిన పని.

బార

రిటైరయ్యాక ఏడాదికి గానీ నాకు ధైర్యం రాలేదు. ఊరివాళ్లను అడిగితే నార్సింగిలో మనుమరాలి దగ్గర ఉంటోందన్నారు. మూడంతస్తుల ఇంట్లో పైన ఒక కిరాయి గది. మనుమరాలు ఏదో ఐటీ ఆఫీసులో రిసెప్షన్‌లో పనిచేస్తుందట, ఆ వేళప్పుడు లేదు. అంజమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చూపు కాస్త మందగించినట్టుంది.

"ఎవరు?"

"నేనమ్మా. గుట్ట మీదికి వచ్చానే, రిపోర్టు రాసినదాన్ని." ఈసారి మీరు అనడం గుర్తుంచుకున్నాను. "మీకు ఆ రోజు అబద్ధం చదివాను. అది చెప్పడానికొచ్చాను."

"తెల్సు." చేతులు ఆగలేదు. "ఎందుకట్ల చదివినవు?"

"సిగ్గేసింది."

"నీకు సిగ్గయితదని నాకు అబద్ధం చెప్పినవు. నిజం చెప్పి ఉంటే ఏడ్సి ఊకుంటుంటి. ఆ ఆఫీసుకు పోయేదాన్నే కాదు."

బండ నుదుటి మీది కాలువ గురించి చెప్పాను. మీరు చెప్పిందే నిజమని, సామి నిజంగానే చేతులతో వానను ఆపాడని. ఆమెకు అందులో కొత్తేమీ కనబడలేదు. "అవును మరి. లోపల కూసుంటె తల మీదికెళ్లి నీళ్లు పోయే సప్పుడు ఇనబడుతుండె. సుక్క పడకపోయేది," అంది.

అప్పుడు అడిగాను, ఆ గది ఎలా ఉండేదో చెబితే ఇప్పుడైనా గీస్తానని. నా దగ్గర వసారా కొలతలు తప్ప ఇంకేం లేవు. ఫొటోలో గది తలుపు ఒక నల్లటి మచ్చ, అంతే. ఆమె ఇంకో రెండు కాయల ఈనెలు తీసింది. ఇంక వెళ్లమంటుందనుకున్నాను. చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"గది నడుమ నిలబడి చేతులు చాపితె ఇటు గోడ, అటు గోడ అందుతుండె. వేలి కొసలు తాకుతుండె."

గది మధ్యలో రెండు చేతులూ చాపి నిలబడింది. నేను సంచిలోంచి టేపు తీసి ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా పట్టాను. నాలుగడుగుల పదకొండు అంగుళాలు. ఆ సన్యాసి గది వెడల్పుకు ఈ లోకంలో మిగిలిన ఆధారం అదొక్కటే.

అలా రెండు గంటలు చెప్పింది. దీపపు గూడు ఆమె భుజం ఎత్తున, కుడివైపు. పడుకునే అరుగు ఆమె కాళ్లు చాపుకుంటే సరిపోయేంత. అరుగు తలవైపు రాతిలోనే కొంచెం ఎత్తు, దిండులాగ. లోపలి గోడకు ఒక చోట నున్నగా, వీపు ఆనించి ఆనించి అరిగిన గుంట. అంజమ్మ వీపు దానికి సరిగ్గా సరిపోయేదట.

బొమ్మ గీయడానికి మూడు నెలలు పట్టింది. ప్లాను, రెండు సెక్షన్లు, నీళ్లు ఎటు పోయేవో చూపించే ఒక బొమ్మ. కొలతల పట్టికలో 'గది వెడల్పు: అంజమ్మ బార' అని రాశాను. కింద తెలుగులో ఒక పేజీ, మఠం గురించి, ఆ ఇంటి కోడళ్లు చెప్పుకుంటూ వచ్చిన కథ గురించి, నేను ఏం రాశాను, తర్వాత ఏం తెలుసుకుని కూడా ఊరుకున్నాను అన్న దాని గురించి. శాఖలో ఇస్తే, లేని కట్టడానికి ఫైలు ఉండదన్నారు. నిజమే. ఆ నిబంధన రాసిన కమిటీలో నేనూ ఉన్నాను.

ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలూ, నేను మీకు చెప్పగలిగింది కొంచెమే. పెయింటు చూసి కట్టడాన్ని చిన్నచూపు చూడకండి. మనుషులు చెప్పేది మీకు వింతగా అనిపిస్తే ఇంకొక ప్రశ్న అడగండి. పొరబడితే ఆ రోజే ఫోను చేయండి. బండ మర్నాటి దాకా ఉండకపోవచ్చు. ఇవి పాటించిన మనిషిగా చెప్పడం లేదు.

బొమ్మ పట్టుకుని మళ్లీ నార్సింగి వెళ్లాను. అంజమ్మ వేళ్లతో కాగితం అంచులు తడిమింది. పెద్దగా ఉందే అంది. కింద రాసిన పేజీ కూడా ఉందని, చదివి వినిపించనా అని అడిగాను.

"వద్దు," అంది. "ఆడ పెట్టు. పొద్దుగూకినంక పిల్ల వస్తది. పిల్ల చదువుతది."

మంచం మీద పెట్టి వచ్చేశాను.